గది కూడా పాడుతుంది!

వేలకు వేలు పోసి స్పీకర్లు కొంటారు. ఇంటికి తెచ్చాక టీవీ పక్కన ఒకటి, షోకేసు మీద ఇంకొకటి... ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేస్తారు. షాపులో కమ్మగా వినిపించిన పాట ఇంట్లో గోలగా ఎందుకుందో అర్థం కాదు. తప్పంతా స్పీకరుది కాదు, గదికీ అందులో వాటా ఉంది.

కొడుకు కొన్న కొత్త ఫ్లాటులోకి వచ్చిన ఓ పెద్దాయన సంగతీ ఇంతే. కర్ణాటక సంగీతమంటే ప్రాణం. కానీ ఎంత సౌండు పెంచినా సాహిత్యం తెలియదు. పక్కగదిలో మనవడి చదువు పాడవుతోందని కోడలి ఇబ్బంది. ‘నా చెవులే పోయినట్టున్నాయి’ అనుకుని ఆయన వినడమే మానేశారు. డాక్టరు మాత్రం పరీక్ష చేసి, వినికిడి బాగానే ఉందన్నారు.

మరి లోపం ఎక్కడ? నున్నటి టైల్స్, బోసి గోడలు, గాజు తలుపులు. వాటికి తగిలిన ధ్వని మళ్లీ మళ్లీ వెనక్కొస్తుంది. ఒక మాట తోక పోకముందే ఇంకో మాట వచ్చిపడుతుంది.

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికీ ఇదే చిక్కు. ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట అయిదున్నర సెకన్లు మోగేది. భౌతికశాస్త్రం చెప్పే వాలెస్ సేబిన్ రాత్రిళ్లు శాండర్స్ థియేటర్ సీట్ల మెత్తలు తెప్పించి పరిచి, మోత ఎంతసేపుంటోందో కొలిచారు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. ఆ లెక్కలతోనే 1900లో బోస్టన్ సింఫనీ హాలు తయారైంది.

ఆ ఫ్లాటులో మనవడు చేసిందీ అదే. మూలల్లోని స్పీకర్లను ముందుకు జరిపాడు. మూలలో పెడితే బేస్ ఊరికే పెరిగి బొంయ్‌మంటుంది. రెండు స్పీకర్లు, తాతయ్య కుర్చీ... మూడింటి మధ్యా సమాన దూరం ఉంచాడు. స్పీకర్లోని చిన్న ట్వీటర్‌ను కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు తెచ్చాడు. కుర్చీని వెనక గోడకు దూరంగా లాగాడు. నేల మీద మందపాటి జంపఖానా, కిటికీకి బరువైన కర్టెన్, పక్క గోడకు పుస్తకాల అలమర. పక్క గోడ మీద అద్దాన్ని జరుపుతూ, కుర్చీలోంచి చూస్తే స్పీకరు ఎక్కడ కనిపిస్తుందో అక్కడే ఆ అలమర పెట్టాడు. ధ్వని ముందుగా తగిలి తిరిగొచ్చే చోటు అదే మరి!

జంపఖానా బేస్ మోతను ఆపలేదు. దానికి స్పీకర్లు, కుర్చీ అటూ ఇటూ జరిపి చూసుకోవాల్సిందే. రెండు ఆదివారాలు పట్టింది.

చెవులు అవే, స్పీకర్లూ అవే. సౌండు మాత్రం సగానికి తగ్గింది. ‘ఇప్పుడు మాట తెలుస్తోందిరా’ అంటూ పెద్దాయన పాత క్యాసెట్ల పెట్టె కిందికి దింపమన్నారు.