ఏడు ఘడియల అధికారం

రాత్రి పదకొండు దాటింది. నరసరావుపేటలో మా మేడమీది గదిలో కూచుని ఒక పాత ఫైలు తెరవబోతే తెరమీద అడ్డంగా ఒక పెట్టె వచ్చి నిలబడింది. ఈ పని చేయాలంటే అడ్మినిస్ట్రేటర్ పేరూ పాస్‌వర్డూ ఇవ్వమంటోంది. అవి నా దగ్గర లేవు.

ఫైలులో ఉన్నది ఒక స్త్రీ చెప్పుకున్న తన కథ. ఇరవై ఏళ్ళ కిందట ఎవరో శ్రద్ధగా అను ఫాంట్లలో టైపు చేసి పెట్టారు. ఆ రోజుల్లో తెలుగు డి.టి.పి. చాలావరకు అట్లాగే నడిచేది. యూనికోడ్ కాదు కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ లేని యంత్రంలో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గీతలూ చుక్కలూ కలిసిన గజిబిజి తప్ప ఏమీ కనిపించదు. ఆమె మాట్లాడుతూనే ఉంది, నాకు వినపడటం లేదు.

నా ముందున్న లాప్‌టాప్ నాదే. పని జరిగేది మాత్రం దానిలో కాదు. ఒక విదేశీ విశ్వవిద్యాలయం తలపెట్టిన ప్రాజెక్టు ఇది. వాళ్ళు అద్దెకు తీసుకున్న కంప్యూటరు ఎక్కడో డేటా సెంటర్లో ఉంటుంది, దాని తెర మాత్రం మన ఇంటికొస్తుంది. క్లౌడ్ డెస్క్‌టాప్ అంటారు. కరెంటు పోయినా అక్కడి పని అక్కడే ఉంటుంది. మళ్ళీ తెరిస్తే ఆపిన వాక్యం దగ్గరే కర్సరు మినుకుమినుకుమంటూ ఉంటుంది. మేం నలుగురు ఆడవాళ్ళం. నరసరావుపేటలో ఇద్దరం, మాచర్లలో ఒకరు, గురజాలలో ఒకరు.

అనుమతి కావాలంటే టికెట్ పెట్టాలి. ఎందుకు కావాలో రాయాలి. వాళ్ళకి తెల్లవారాలి. "తెలుగు ఇప్పటికే విండోస్‌లో ఉంది కదా, ఇంకో సాఫ్ట్‌వేర్ దేనికి?" అని జవాబొస్తే, యూనికోడ్‌కి ముందు తెలుగువాళ్ళు ఎట్లా రాసుకున్నారో రెండు పేజీల్లో వివరించాలి. వివరించాను. నా సిద్ధాంత గ్రంథానికి రాసిన పీఠిక కూడా ఇంత ఓపిగ్గా రాయలేదు.

ఆ టికెట్లు పెట్టేటప్పుడల్లా అమ్మే గుర్తొచ్చేది. మా ఇంట్లో బీరువా తాళాలు నాన్న మొలతాడుకు ఉండేవి. అమ్మ ఏ చీటీపాట డబ్బుకో వెళ్ళి నిలబడితే "ఎందుకూ?" అనేవాడు. ఒక్కసారీ కాదనలేదు. "ఎప్పుడడిగితే అప్పుడు ఇస్తానే ఉన్నాగా, ఇంకేందంట?" అని ఆయన ఆశ్చర్యం. నిజమే, ఇస్తూనే ఉన్నాడు. ఆ "ఎందుకూ"కి జవాబు చెప్పీ చెప్పీ అమ్మకి కొన్ని కోరికలు అడక్కుండానే పోయాయి.

కనుక నా కోపం సిద్ధంగా ఉంది. అయితే ఆ కోపం సగమే సరైనదని తర్వాత తెలిసింది.

మొదట్లో మాకిచ్చినవి ఎవరి డెస్క్‌టాప్ వాళ్ళకి కాదు. అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్‌లో ఒకే యంత్రంలోకి చాలామంది ఒకేసారి లాగిన్ అయ్యే పద్ధతి ఒకటుంది. ఖర్చు తక్కువ. మన పల్నాటి భాషలో చెప్పాలంటే బ్రహ్మనాయుడి చాపకూడు లాంటిది, అందరూ ఒకే చాప మీద. అక్కడ ఒక్కరికి లోకల్ అడ్మిన్ హక్కు ఇస్తే ఆమె వేసుకున్నదీ తీసేసినదీ అందరి విస్తళ్ళలోకీ వస్తుంది. పక్క వాళ్ళ ఫైళ్ళు కూడా ఆమె చూడగలుగుతుంది. పైగా అట్లాంటి యంత్రాన్ని ఎప్పటికప్పుడు ఒకే మూస నుంచి మళ్ళీ తయారు చేస్తారు కాబట్టి విడిగా వేసుకున్నవి నిలవవు. కావలసినవి ముందే ఆ మూసలో పెట్టించుకోవాలి. ఇదంతా ఎవరైనా మొదటి రోజే చెప్పి ఉంటే నా రెండు పేజీలూ మిగిలేవి.

పోట్లాడగా పోట్లాడగా ఎవరిది వాళ్ళకే అయిన డెస్క్‌టాప్‌లు వచ్చాయి. విండోస్ 365లో వాడేవాళ్ళనే తమ క్లౌడ్ పీసీకి లోకల్ అడ్మినిస్ట్రేటర్‌గా చేసే ఏర్పాటు ఉంది, నాకది ఇచ్చారు. పండగలా ఉంది. వారం తిరక్కుండానే ఎక్కడో దొరికిన ఉచిత ఫాంటు కన్వర్టర్ ఒకటి ఎక్కించాను. దానితోపాటు ఇంకేదో దిగింది. నా యంత్రాన్ని వెలేసినట్టు నెట్‌వర్క్ నుంచి విడదీశారు. రెండు రోజుల పని పోయింది. తప్పు నాదే. స్వేచ్ఛ అడిగిన నోటితో క్షమాపణ కూడా చెప్పాను.

విచిత్రమేమిటంటే ఆ తర్వాతే నన్ను మా నలుగురి డెస్క్‌టాప్‌లకీ బాధ్యురాలిని చేశారు. దెబ్బ తిన్నది కాబట్టి జాగ్రత్తగా ఉంటుందనుకున్నారో, టికెట్లు చదవలేక విసిగిపోయారో మరి. ఎవరికి హక్కు ఇవ్వాలో, ఎంతసేపు ఇవ్వాలో చూడటం ఇక నా పని. తాళాల గుత్తి నా మొలలోకి వచ్చింది.

గురజాల అమ్మాయి ఫోన్ చేసింది ఆ వారంలోనే. ఆమె ఇంట్లో లాప్‌టాప్ ఒకటే. దానికి అడ్మినిస్ట్రేటర్ భర్త. ఆమెకొక ఖాతా పెట్టాడు, పాస్‌వర్డు కూడా తనే పెట్టాడు. అప్పుడప్పుడు తెరిచి చూస్తాడు. దాపరికమేమీ లేదు, ఆమె ముందే చూస్తాడు. అందుకని ఆమె తన సొంత రాతలు కొన్ని మా క్లౌడ్ డెస్క్‌టాప్‌లో ఒక ఫోల్డరులో దాచుకుంటోంది. అక్కడికి ఇంట్లో ఎవరూ రాలేరు.

"నాకు అడ్మిన్ గిడ్మిన్ ఏమీ వద్దక్కా. ఒక్కటి చెప్పు. ఇప్పుడు నువ్వు తెరిచి చూడగలవా?"

చూడనని చెప్పటం తేలిక. అది నాన్న జవాబు. ఆమె అడిగింది చూస్తావా అని కాదు, చూడగలవా అని.

"చూడగలను," అన్నాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "అట్టాగా," అని పెట్టేసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కంప్యూటర్ భద్రతలో 'అతి తక్కువ హక్కు' అనే సూత్రం ఒకటుంది. 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ రాసిన వ్యాసంతో అది స్థిరపడింది. ప్రతి ప్రోగ్రామూ, ప్రతి వాడుకరీ తన పని పూర్తి చేయటానికి ఎంత అధికారం అవసరమో అంతటితోనే పనిచేయాలని దాని సారాంశం. దాన్ని కిందివాళ్ళకి కళ్ళెంగానే చదువుతూ వచ్చాను నేను, మాకు టికెట్లు పంపినవాళ్ళూ అట్లాగే చదివారు. అందులో 'ప్రతి' అనే మాట ఉంది. తాళాలున్నవాళ్ళకి మినహాయింపు లేదు. ఇంటి పెద్దకి కూడా.

అప్పుడు మొదలుపెట్టాను ముందు నా దగ్గర్నుంచి. నాకున్న శాశ్వత హక్కు తీసేయించుకున్నాను. ఆ డెస్క్‌టాప్‌లలో ఉండే లోకల్ అడ్మిన్ ఖాతా పాస్‌వర్డు ఇప్పుడు ఏ మనిషి తలలోనూ ఉండదు. విండోస్ ల్యాప్స్ అనే ఏర్పాటు, 2023 ఏప్రిల్ నుంచి విండోస్‌లోనే కలిసి వస్తోంది, దాన్ని ఎప్పటికప్పుడు మార్చేస్తుంది. ఎవరైనా తీసి చూస్తే చూసినట్టు నమోదవుతుంది. అను లాంటి సాఫ్ట్‌వేర్ ఎక్కించటానికి మనిషిని అడ్మిన్ చేయనే అక్కర్లేదు. ఆ ఒక్క ఇన్‌స్టాలర్‌కే అనుమతినిచ్చే వీలు 2023లో ఇంట్యూన్‌లో వచ్చింది. అధికారం మనిషికి కాదు, పనికి. అమ్మకి అట్లాంటిదేదైనా ఉంటే చీటీపాట కట్టడానికి నాన్న ముందు నిలబడే పని ఉండేది కాదు.

నిజంగా ఎవరైనా లోపలికి వెళ్ళాల్సి వస్తే గడువు పెట్టి తీసుకోవాలి. కారణం రాయాలి, ఇంకొకరు ఒప్పుకోవాలి, గడువు తీరగానే హక్కు దానంతటదే పోవాలి. ఒక చిన్న మెలిక ఉంది. హక్కు పోయినా అప్పటికే లాగిన్ అయి ఉన్నవాళ్ళకి బయటికొచ్చే దాకా అది అంటిపెట్టుకునే ఉంటుంది. కాబట్టి గడువయ్యాక సైనౌట్ చేయించేలా కూడా చూడాలి. ఎంత గడువు పెట్టాలని అడిగితే మూడు గంటలన్నాను. అనగానే నవ్వొచ్చింది.

నా పరిశోధనలో ఒక అధ్యాయం నాయకురాలు నాగమ్మ మీద. గురజాల దగ్గరి జిట్టగామాలపాడు విధవరాలు రాచకొలువులోకి ఎట్లా వచ్చిందంటే మా వైపు చెప్పే కథ ఒకటుంది. అనుగురాజు పరివారానికి ఎండలో పందిళ్ళు వేయించి ఆదరించిందట. ఏం కావాలో కోరుకోమంటే ఏడు ఘడియలు మంత్రిపదవి ఇమ్మందట. ఆ మాటని నలగామరాజు కాలంలో చెల్లించుకుందట. ఘడియంటే ఇరవైనాలుగు నిమిషాలు. ఏడు ఘడియలంటే 168 నిమిషాలు, మూడు గంటలకి పన్నెండు నిమిషాలు తక్కువ. కథలో ఆమె తప్పల్లా గడువు తీరాక దిగకపోవటమే. కోడిపందెం, మాచర్ల వాళ్ళ వలస, కారంపూడి రక్తం, అన్నీ ఆమె ఖాతాలోనే పడ్డాయి. బ్రహ్మనాయుడి మంత్రిత్వానికి గడువెంతో ఏ కథకుడూ అడగడు. నా అధ్యాయంలో ఇదే వాదించాను, గడువులు ఆడవాళ్ళకే ఎందుకని. ఇప్పుడు అవే గడువులు నా చేత్తో పెడుతున్నాను. తేడా ఒక్కటే, గడువు ముందు నాకు పెట్టుకున్నాను. అది సరిపోతుందా అంటే, నా పైన విశ్వవిద్యాలయంలో గ్లోబల్ అడ్మినిస్ట్రేటర్లు ఉన్నారు. వాళ్ళు తలుచుకుంటే నా ఏర్పాట్లన్నీ మార్చగలరు.

ఇదంతా గురజాల అమ్మాయికి చెప్పాను, పైవాళ్ళ సంగతితో సహా. "అయితే ఇప్పుడు నువ్వు చూడాలంటే ఇంకొకళ్ళకి తెలిసే చూడాలి, అంతేగా?" అంది. అంతే అన్నాను. ఆమె ఆ ఫోల్డరు అక్కడే ఉంచిందో, తీసేసిందో నాకు తెలియదు. నేనడగలేదు.

అనుమతులిచ్చే బాధ్యత మాచర్ల అమ్మాయికి అప్పగించాను. మా అందరిలోకీ చిన్నది. మొన్న నరసరావుపేట డెస్క్‌టాప్ ఒకటి మొరాయిస్తే మూడు గంటల హక్కు కోసం అర్జీ పెట్టుకున్నాను. హడావుడిలో కారణం దగ్గర 'పని ఉంది' అని రాశాను.

పావుగంటలో తిరస్కరించింది. వెంటనే ఫోన్.

"ఏం పనో రాయలేదక్కా."

మళ్ళీ కూచుని, ఏం పనో వివరంగా రాశాను.