తమ్ముని బొంత

మంజీరానదికి అడ్డముగా 1923లో మొదలిడి 1931లో ముగించిన మా నిజాంసాగరు కట్ట క్రింద వరి విరివిగా పండును. ఆ వడ్లబస్తాలను కామారెడ్డికిని, బోధనుకును మోయు లారీలలో నొకదానిని మా తమ్ముడు నడుపుచున్నాడు. పదునాలుగేండ్లుగా అదే పని. మొన్న సంక్రాంతికి వచ్చినవాడు పీటమీదనుండి లేవలేక గోడ పట్టుకొనగా చూచి నాకు కన్నీరాగలేదు. వెన్నెముక బిళ్ళలు కుదుపులకు అరుగుచున్నవనియు, ఈ పని మానుట మేలనియు వైద్యుడు చెప్పెనట. మానినచో ఇద్దరు బిడ్డల చదువు సంగతి యేమి?

సోదరీమణులారా, ఆడదానికి తోచు ఉపాయమేదో మీ రెరుగుదురు. పాత చీరలు మడతలు వైచి, వాని ఆసనమునకై దళసరి బొంత కుట్టి యిచ్చితిని. నెలనాళ్లకు వచ్చి, "చిన్న గుంతలకు మంచిగనే ఉన్నదక్కా. పెద్ద గుంత వస్తే మాత్రం అడుగు తాకి, మళ్ళ పైకెగిరి పడుడే" అనెను.

ఆ మాట నన్ను విడువలేదు. మెత్తదన మొక్కటియే చాలదు. గుంతను బట్టి అది మారవలెను. బొంత కా తెలివి యెక్కడిది?

మావారు బడిలో భౌతికశాస్త్రము బోధింతురు. ఈ సంగతి విని, బడిలోని అయస్కాంతమును తెచ్చి మంజీర యిసుకలో త్రిప్పిరి. దాని కంటిన నల్లని పొడిని దులిపి, గాజుగిన్నెలో పల్లీనూనెతో కలిపిరి. పుల్లతో త్రిప్పితిని, పలుచగనే యున్నది. గిన్నె క్రింద అయస్కాంతము నుంచగానే పొడి ముండ్లవలె నిలిచి పుల్లను పట్టుకొన్నది. తీసివేయగానే మరల ఉత్త నూనె! వెన్నయు రాయియు ఒక్క గిన్నెలోనే యుండుట నేనెన్నడును చూడలేదు.

మన హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసిన 1948వ సంవత్సరముననే, అమెరికాలో జేకబ్ రాబినో అను నాయన యిట్టి ద్రవముతో క్లచ్చును నిర్మించెనట. ఇంచుమించు ఏబదియేండ్ల పిమ్మట ఆ దేశముననే దానిని లారీల ఆసనముల క్రింద అమర్చిరి. గొట్టములో ముషలకము ఆడుచుండును. ద్రవము దానిచుట్టునున్న సన్నని సందున పోవలెను. ఆ సందునొద్ద రాగితీగె చుట్ట యుండును. కుదుపెంతయో కనిపెట్టిన చిన్నయంత్రము తీగెలోనికి తగినంత విద్యుత్తును పంపును. తలవెండ్రుకకంటె ఎంతో సన్నని యినుపరేణువులు గొలుసులుగా నిలిచి దారిని బిగించును. విద్యుత్తాగిన గొలుసులు తెగును. ఇదంతయు రెప్పపాటులో పదవవంతైనను పట్టదట. చిన్న గుంతకు మెత్తన, పెద్ద గుంతకు గట్టి.

మరునాడు చూడగా మా గిన్నెలోని పొడి అడుగంటి పేరుకొనియున్నది. నాకు నవ్వు వచ్చినది. అసలు ద్రవమునకును ఈ జాడ్యము కలదట. అందుకై వేరు పదార్థములు చేర్చుదురట. చైనాలో డాంగ్‌టింగ్ సరస్సు వంతెనకు 2002లో, గాలివానకు ఊగు తీగెల నదుపుచేయుటకు ఈ సాధనములనే బిగించిరని మావారు ముచ్చటగా చెప్పిరి. నా మనస్సు వంతెనమీద నిలువలేదు.

లారీ యజమానిని తమ్ముడు అడిగి చూచెను. "కూర్చునే పీటకు అంత పైసనా?" అని ఆయన ఆశ్చర్యపడెనట.

ఇప్పుడు రెండవ బొంత కుట్టుచున్నాను. ఈమారు మడతలు తగ్గించి, కుట్లు దగ్గరగా వేయుచున్నాను. వాడు శనివారము వచ్చును.