సెకండ్ హ్యాండు స్ప్లెండర్‌కు ఏం చేయించాలి? (గేరి మాటలు – 23)



హాస్టల్ మెస్ బిల్లుల గురించి మిగతా సగం ఈ వారం రాస్తానన్నాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నా. కర్నూల్లో డిగ్రీ చదివే తమ్ముడొకడు మెసేజ్ పెట్టినాడు. "అన్నా, ఇరవై వేలకు పాత స్ప్లెండర్ తీసుకున్నా. తక్కువ ఖర్చులో ఏమేం చేయించాల? సైలెన్సర్ మారిస్తే ఎట్లుంటాది?" ఇట్లా అడిగినవాళ్లు ఈ నెలలోనే ముగ్గురు నలుగురు ఉన్నారు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నా.

హీరో హోండా సీడీ 100 వచ్చింది 1985లో. కారంచేడు జరిగిన ఏడాది. ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు, నాకు మాత్రం ఆ సంవత్సరం అట్లే గుర్తుంటుంది. స్ప్లెండర్ 1994లో వచ్చింది. మా గేరిలోకి అది రావడానికి ఇంకో పదేళ్లు పైనే పట్టింది, అదీ మూడో చేతి మీదుగా. మా నాయన కాలంలో పెద్దోళ్ల ఇండ్ల ముందర సైకిల్ దిగి తోసుకుంటా పోవాల. నా కాలంలో బండి మీద పోతుంటే "ఎవురిదిరా ఆ బండి?" అని ఆపి అడిగినారు. నీ బండేనా అని కాదు, ఎవురిది అని. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది. మనల్ని సైకిలో మోటార్ సైకిలో ఎక్కనీయకుండా అడ్డుకుంటే నేరమని సెక్షన్ 3(1)(జెడ్ఏ)లో రాసినారు. చెప్పులు, కొత్త బట్టలు, పెండ్లి ఊరేగింపు కూడా అదే వరసలో ఉన్నాయి. పార్లమెంటు కూర్చొని మోటార్ సైకిల్ అనే మాట చట్టంలో రాయాల్సి వచ్చిందంటే, ఊర్లలో ఏం జరుగుతుంటే రాసినారో ఆలోచించండి.

ఇప్పుడు బండి సంగతి. నంద్యాల్లో నా బండి చూసే దూదేకులన్న ఒకాయన ఉన్నాడు. ఎవరన్నా కుర్రోడు వచ్చి "పికప్ పెంచు" అంటే ఆయన అడిగేది ఒకటే. "నాకు దుడ్లొచ్చే పని చెప్తావా, బండికి పనికొచ్చే పని చెప్తావా?"

బండికి పనికొచ్చే పనుల్లో మొదటిది ఎయిర్ ఫిల్టర్. మనది దుమ్ము సీమ. బేతంచెర్ల చుట్టూ నాపరాళ్ల పొడి, ఎర్రగుంట్ల దిక్కు సిమెంటు, పత్తికొండ దిక్కు ఎర్రమట్టి. ఆ దుమ్ము ఇంజన్లోకి పోతే పిస్టన్ రింగులు, బోరు అరిగిపోతాయి. నీలం పొగ మొదలైతే వేలల్లో ఖర్చు. కంపెనీ పుస్తకంలో రాసినదాంట్లో సగం దూరానికే ఫిల్టర్ చూడండి. పాత మోడల్లో స్పాంజిది ఉంటే కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, ఇంజన్ ఆయిల్లో ముంచి పిండి బిగించాల. కాగితందైతే కడగొద్దు, కొత్తది వేయండి. ఇంజన్ ఆయిల్ కూడా అంతే. లీటరు డబ్బా దగ్గర మిగుల్చుకుంటే రేపు ఇంజన్ దగ్గర కట్టాల్సి వస్తుంది.

తర్వాత ప్లగ్గు. విప్పి చూడండి. మొన ఇటుక రంగులో ఉంటే కార్బొరేటర్ సరిగ్గా ఉన్నట్టు. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్లగా కాలినట్టుంటే మైలేజి కోసం ఎవరో స్క్రూ మరీ బిగించినారు. మే నెల కర్నూలు ఎండలో అట్లాంటి బండి నడిపితే ఇంజన్ కాలిపోతుంది. లీటరుకు ఐదు కిలోమీటర్లు ఎక్కువొస్తాయని దానికి ఆశపడొద్దు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన స్ప్లెండర్లకు కార్బొరేటర్ లేదు, ఆ స్క్రూ కోసం వెతకొద్దు.

చైను బిగువు చూసేటప్పుడు నాకు మా తాత గుర్తొస్తాడు. కపిలకు బానలు, తొండాలు కుట్టిన చెయ్యి ఆయనది. బావిలోంచి నీళ్లు తోడే ఆ తోలు ఎంత బిగువుగా ఉండాలో బొటనవేలితో నొక్కి చెప్పేవాడు. కరెంటు మోటార్లొచ్చి కపిలలు పోయినాయి, ఆయన పనీ పోయింది. ఆ చేతికి ఎవరూ మెకానిక్ అని పేరు పెట్టలేదు. చైను కింది వరస మధ్యలో వేలితో ఎత్తితే ఒక అంగుళం అటూ ఇటూగా ఆడాల. అంతకంటే బిగిస్తే బేరింగులు పోతాయి. ఇద్దరు ఎక్కి ఘాట్లు, గుట్టలు ఎక్కాల్సినోళ్లు ముందు స్ప్రాకెట్ ఒక పన్ను తక్కువది వేయించుకోవచ్చు. లాగుడు పెరుగుతుంది, వేగం, మైలేజి కొంచెం తగ్గుతాయి.

అసలు డబ్బు పెట్టాల్సింది లైటుకు. పాత స్ప్లెండర్లలో హెడ్‌లైటు బ్యాటరీ మీద వెలగదు, ఇంజన్ తిరిగేకొద్దీ కాయిల్ నుంచి వచ్చే కరెంటు మీద వెలుగుతుంది. గుంత కనబడి మనం స్లో చేస్తాం, అప్పుడే లైటు డిమ్మవుతుంది. వెలుగు కావాల్సిన చోటే వెలుగుండదు. ఫిర్యాదు పట్టుకొని మధ్యాహ్నం స్టేషన్‌కు పోతే, ఎఫ్ఐఆర్ కాపీ చేతికొచ్చేసరికి రాత్రి పదకొండు. ఆఖరి బస్సు పోయింటాది. ఫిర్యాదిచ్చిన అక్కను వెనక కూర్చోబెట్టుకొని పాతిక కిలోమీటర్లు పోవాల. ఎదురుగా వెనక లైటు లేని ట్రాక్టర్, దాని మీద నాపరాళ్లు. ఇది నాకు ఒక్కసారి కాదు, ఎన్నోసార్లు. మంచి ఎలక్ట్రీషియన్ దగ్గర వైరింగ్ మార్పించి లైటును బ్యాటరీ మీదికి తెప్పించుకోండి, ఆ తర్వాతే తక్కువ వాట్ల ఎల్ఈడీ బల్బు వేయండి. వైరింగ్ మార్చకుండా బల్బు ఒక్కటే మారిస్తే అది మిణుకుమిణుకుమని నెలలో పోతుంది. వెలుగు రోడ్డు మీద పడాల, ఎదుటోడి కండ్లలో కాదు.

బ్రేకు షూలు, టైర్లు ఆ తర్వాత. గాలి ముందు 25, వెనక 28, ఇద్దరుంటే వెనక ఇంకా పెంచాల. లావు టైరు అందానికే, మైలేజి తింటుంది. చెల్లెళ్లకు ఒక మాట: కిక్ గట్టిగా ఉందంటే మీ కాళ్లలో బలం లేక కాదు, ప్లగ్గు, టాపెట్లు చూపించుకోండి. బాగున్న బండి రెండో కిక్కుకు పలకాల.

ఇక సైలెన్సర్. తమ్ముడూ, నీ ఆశ నాకు అర్థమైంది. తలొంచుకొని పోయిన వీధిలో చప్పుడు చేస్తా పోవాలని ఉంటాది. కానీ ఆ వీధిలో బుల్లెట్ చప్పుడుకు లేని ఫైను నీ స్ప్లెండర్‌కు ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేట్టు బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బోరు పెంచి సీసీ మార్చేది అందులోకే వస్తుంది. చప్పుడుకు వేరే సెక్షన్ ఉంది.

కాగితాల సంగతి అన్నిటికంటే ముందు చూడాల్సింది. మన పిల్లోల్ల బండ్లలో చాలావాటికి ఆర్‌సీ ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంటుంది. ఒక స్టేషన్ ముందర ధర్నాకు కూర్చుంటే, మమ్మల్ని ఏమీ చేయలేక బయట నిలబెట్టిన బండ్ల కాగితాలు అడిగినారు. పదకొండు బండ్లు లోపలికి పోయినాయి, ధర్నా సగంలో ఆగింది. ఫారం 29, ఫారం 30 మీద అమ్మినోడి సంతకాలు డబ్బులిచ్చే రోజే పెట్టించుకోండి. తర్వాత వాడు దొరకడు. కొన్న 30 రోజుల్లోపల ఆర్‌టీఓ ఆఫీసుకు తెలపాల. ఏపీ 04 బండి కర్నూల్లో తిరిగితే తప్పు కాదు, కానీ అది ఎవురిదో కాగితం చెప్పాల. 15 ఏండ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ అయిందో లేదో కూడా చూడండి. కాకపోతే ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రం ఒక్కరోజు కూడా ఆగనీయొద్దు.

బండి కొనేటప్పుడు పొద్దున్నే పోండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. ముందే స్టార్ట్ చేసి వేడిగా పెట్టుంటే సాయంత్రం మళ్లీ వస్తామని చెప్పి వచ్చేయండి. సీటు కింద ప్లగ్గు స్పానర్, ఒక కొత్త ప్లగ్గు, క్లచ్ వైరు, ఇన్సులేషన్ టేపు, జిరాక్స్ తీయించిన ఆర్‌సీ.