డోర్నకల్‌ గుమ్మటాలు

మహబూబాబాద్‌ జిల్లా డోర్నకల్‌లోని ఎపిఫనీ కేథడ్రల్‌ను మొదటిసారి చూసేవాళ్లు కాస్త తికమకపడతారు. గుమ్మటాలు చూస్తే మసీదనిపిస్తుంది. దగ్గరికొస్తే స్తంభాలు గుడి మండపాన్ని గుర్తుచేస్తాయి. లోపల జరిగేది క్రీస్తు ఆరాధన.

ఇది అనుకోకుండా కుదిరిన పోలిక కాదు, బిషప్‌ అజరయ్య కోరి కట్టించుకున్న తీరు. తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన ఆయన 1909లో ఇక్కడికొచ్చారు. 1912లో కలకత్తాలో ఆంగ్లికన్‌ సంఘపు తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందారు. తెల్లవాళ్ల వేషం వేసుకుంటేనే విశ్వాసం నిలుస్తుందా అన్నది ఆయన్ని వదలని ప్రశ్న. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన ఈ గుడే దానికి జవాబు.

అంతకన్నా గట్టి మాట ఆయన 1910లోనే అన్నారు. ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, మిషనరీల త్యాగాలను మెచ్చుకుంటూనే, మాకు స్నేహితులు కూడా కావాలని అడిగారు. దొరల ముందు నిలబడి అలా అడగడానికి ఎంత గుండె ఉండాలి!

బైబిల్లో సమూయేలు ప్రవక్త యెష్షయి ఇంటికి రాజును వెతుక్కుంటూ వెళ్లి, పెద్దకొడుకు ఏలీయాబు ఒడ్డూ పొడుగూ చూసి ఇతనే అనుకున్నాడు. దేవుడు ఎంచుకున్నది గొర్రెలు కాస్తున్న చిన్నవాడు దావీదును. అజరయ్య బండెక్కి పల్లెలు తిరిగింది కూడా అలా ఎవరూ లెక్కలోకి తీసుకోని మాల, మాదిగ వాడల కోసమే. ఊరు దూరం పెట్టిన ఆ మనుషులే ఆయన సంఘానికి బలం.

జనగామ, భూపాలపల్లి వైపు వాళ్లు డోర్నకల్‌ జంక్షన్‌లో దిగినప్పుడు ఓసారి వెళ్లి, ఆ స్తంభాలను దగ్గరగా చూడండి.