ఆన్ ఆర్బర్‌లో ఒక సెప్టెంబరు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, హ్యూరన్ నది ఒడ్డున ఆన్ ఆర్బర్ అనే విశ్వవిద్యాలయ పట్టణం ఉంది. ఉన్నత విద్యకై మన తెలుగు పిల్లలు పెక్కుమంది చేరే ఊరు అది. జనాభా సుమారు లక్షా ఇరవై వేలు. విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ క్రీడాంగణంలో కూర్చోగలవారు లక్షా ఏడు వేల పైచిలుకు! 1927లో ప్రారంభమైన ఆ కట్టడంలో అధికభాగం నేలను తొలిచి నిర్మించినదే. ద్వారం దాటగానే మెట్లు కిందికి దిగుతాయి. మన ఊళ్ళ దిగుడుబావి అంచున నిలిచినట్లు తోస్తుంది.

అక్కడి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తవచ్చు, విసరవచ్చు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగితే మరి నాలుగు లభిస్తాయి. లేనిచో బంతి ప్రత్యర్థుల పాలు. ఈ మాత్రం తెలిస్తే చాలు. మిగిలినది పక్కవారు చెబుతారు, అడగకపోయినా చెబుతారు. 2007 సెప్టెంబరు మాసమంతా మా అమ్మాయి ఇంట ఉన్న నేను ఆ విధంగానే ఆ జట్టుకు అభిమానినయ్యాను.

సీజను తొలి వారాలలో పెద్ద జట్లు పైకమిచ్చి చిన్న జట్లను రప్పించుకోవడం అక్కడి ఆనవాయితీ. దేశంలో ఐదవ ర్యాంకులో ఉన్న మిషిగన్, నాలుగు లక్షల డాలర్లిచ్చి ఉత్తర కరోలినా కొండలలోని బూన్ నుండి అప్పలాచియన్ స్టేట్ జట్టును పిలిపించింది. వారు రెండవ శ్రేణివారు. అయితే ఆ శ్రేణిలో 2005, 2006 సంవత్సరాల విజేతలు!

సెప్టెంబరు 1న ఆట సగమయ్యేసరికి అతిథులు 28–17 ఆధిక్యంలో ఉన్నారు. మైక్ హార్ట్ ఒంటరి పోరాటంతో మిషిగన్ 32–31కి చేరినా, మరో 26 సెకన్లలో ఆట ముగుస్తుందనగా అప్పలాచియన్ మూడు పాయింట్లు చేర్చింది. చివరి క్షణంలో మిషిగన్ తన్నిన బంతిని కోరీ లించ్ అడ్డుకున్నాడు. 34–32. లక్షా తొమ్మిది వేల మంది నోట మాట లేదు; కొండ ఊరివారి కేకలు ఆ గోతిలో ప్రతిధ్వనించాయి.

దీనిని అదృష్టమన్నవారితో నేను ఏకీభవించను. అప్పలాచియన్ తన ఆటగాళ్ళను 53 గజాల వెడల్పునా పరచి నిలిపింది. క్వార్టర్‌బ్యాక్ అర్మాంటి ఎడ్వర్డ్స్ బంతిని ఇస్తాడో, విసురుతాడో, తానే పరుగెత్తుతాడో చివరిదాకా తెలియదు. దగ్గరగా నిలిచి ఢీకొనడానికి తీర్చిదిద్దిన మిషిగన్ బలశాలులు ఆ ఖాళీ జాగాలో దిక్కుతోచక నిలిచారు. పైగా క్రితం ఏటి రక్షణశ్రేణి ప్రముఖులు పలువురు వృత్తి క్రీడకు తరలిపోయారు. మరుసటి శనివారం ఓరెగాన్ అదే పద్ధతిలో ఆరువందల గజాలకు మించి సాగి 39–7తో గెలిచింది. ఒకే రోగం రెండు వారాలు కనబడితే దానిని దురదృష్టమని ఎట్లా అనగలం?

ఆ ఆటలోనే క్వార్టర్‌బ్యాక్ చాడ్ హెన్నీ గాయపడ్డాడు. కాఫీ దుకాణాలలోనూ, బస్సులలోనూ శిక్షకుడు లాయిడ్ కార్ పేరే వినబడేది, మర్యాదగా మాత్రం కాదు. గెలిచి తీరుతామని హార్ట్ బహిరంగంగా ప్రకటించగా నవ్వినవారే ఎక్కువ.

సెప్టెంబరు 15న మిషిగన్ నోటర్ డేమ్‌ను 38–0తో చిత్తు చేసింది. ఊరంతా పండుగే. కాని ఆ ఏడు నోటర్ డేమ్ మరీ బలహీనం. ఆ గెలుపు నాకు తృప్తినివ్వలేదు. నిజమైన పరీక్ష 22న పెన్ స్టేట్‌తో జరిగింది. మొదటి సంవత్సరం విద్యార్థి ర్యాన్ మాలెట్ క్వార్టర్‌బ్యాక్‌గా ఉండగా హార్ట్ నలభై సార్లకు పైగా బంతిని మోశాడు. పడడం, లేవడం, మళ్ళీ రెండు గజాలు. చూడడానికి సొగసైన ఆట కాదు. 14–9తో గెలిచారు. ఆ రోజున రక్షణశ్రేణి ఎక్కడా చీలిపోలేదు.

ఆ జట్టు తొమ్మిది విజయాలు, నాలుగు ఓటములతో సీజను ముగించింది. 2008 జనవరి 1న ఫ్లోరిడాను 41–35తో ఓడించిన ఆటతో కార్ పదవీ విరమణ చేశారు. ఆయన స్థానానికి విశ్వవిద్యాలయం ఏరి తెచ్చుకున్న రిచ్ రోడ్రిగ్జ్, మైదానమంతటా ఆటగాళ్ళను పరచి ఆడించే పద్ధతికే పేరుమోసినవాడు.