మైలేజీ పడిపోతే తప్పంతా పెట్రోలుదేనా?

జనగామలోనో మహబూబాబాద్‌లోనో భూపాలపల్లిలోనో ఉన్న అమ్మానాన్నలకు కారు కొనిచ్చి, దాని బాగోగులు ఇక్కడి నుంచి ఫోన్లో కనుక్కునే ప్రవాసులు చాలామంది. ఈమధ్య అటునుంచి వినిపించే ఫిర్యాదు ఒక్కటే: ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక మైలేజీ పోయిందని. అందులో నిజం లేకపోలేదు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా తక్కువ. పాత కార్లలో ఆరేడు శాతం మైలేజీ తగ్గవచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ఆ లెక్కన లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే కారు 17కు దిగాలి. 13కో 14కో పడిపోతే మిగతా నష్టానికి మరో కారణం ఉన్నట్టే. ఆ కారణాల్లో ఆక్సిజన్ సెన్సర్ ఒకటి. పెట్రోలును తిట్టుకుని ఊరుకోవడంతో దాన్ని వెతికేవాళ్లే లేకుండా పోతున్నారు.

ఇంజన్ నుంచి వచ్చే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కారు కంప్యూటర్‌కు చెప్పడం ఈ సెన్సర్ పని. బాష్ కంపెనీ తయారుచేసిన దీన్ని 1976లో వోల్వో కార్లలో మొదట వాడారు. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. రెండూ కలిసినప్పుడు ఎంత ఇంధనం చిమ్మాలో కంప్యూటర్ సరిచూసుకునేది ఈ సెన్సర్ మాట మీదే. అంటే కొత్త పెట్రోలుతో దీని అవసరం పెరిగిందే గానీ తగ్గలేదు. గాలి ఎక్కువైందని సెన్సర్ తప్పుగా చెబితే కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. అప్పుడు సైలెన్సర్ మూతి లోపల నల్లటి మసి పడుతుంది, పచ్చి పెట్రోలు వాసన వస్తుంది, ఆగి ఉన్న బండి వణుకుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. మార్కెట్ దాకా వెళ్లి వచ్చేసే కార్లలో ఈ మసి త్వరగా పేరుకుంటుంది, ఇంజన్ సరిగా వేడెక్కే లోపే ప్రయాణం అయిపోతుంది కాబట్టి. భూపాలపల్లిలో బొగ్గు దుమ్మును అనుమానించడం సహజమే. అయితే దుమ్మును ఎయిర్ ఫిల్టర్ ఆపుతుంది. సెన్సర్‌ను ఎక్కువగా చెడగొట్టేవి ఇంజన్ లోపల కాలే ఆయిల్, లీకయ్యే కూలెంట్.

అలాగని చెక్ ఇంజన్ లైటు వెలగగానే సెన్సర్ మార్చేయమనడం లేదు. స్కానర్‌లో పెట్రోలు చాలడం లేదన్న కోడ్ వస్తే, గాలి ఎక్కడో లీకవుతూ ఉండొచ్చు, ఇంధన పంపు బలహీనపడి ఉండొచ్చు. సెన్సర్ ఉన్నమాటే చెబుతోంది, దాన్ని మారిస్తే డబ్బు దండగ. అందుకే ఇంజన్ బాగా వేడెక్కాక స్కానర్‌లో గ్రాఫ్ చూడాలి. మామూలు రకమైతే, క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందుండే సెన్సర్ 0.1, 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగాలి. ఒకచోటే నిలిచిపోయినా, బద్ధకంగా కదిలినా అనుమానించాలి. కొన్ని కొత్త కార్లలో వేరే రకం ఉంటుంది, వాటికి కంపెనీ ఇచ్చిన అంకెలే కొలత. బ్యాటరీ వైరు పీకి లైటు ఆర్పించుకుంటే మాత్రం దాచిన కోడ్‌లు పోయి, ఆధారమే చెరిగిపోతుంది.

బండి నడుస్తోంది, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా వచ్చింది, ఇంకేం అంటారు. ఆ పరీక్షలో సైలెన్సర్‌లో గొట్టం పెట్టి కాసేపు పొగను కొలుస్తారు, కంప్యూటర్ దాచుకున్న కోడ్‌లు ఎవరూ అడగరు. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లోని డాలస్, కాలిన్ కౌంటీల్లో 2025 నుంచి ఏటా చేసే భద్రతా తనిఖీ ఎత్తేసినా పొగ పరీక్ష ఉంచారు. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే అందులో కారు తప్పుతుంది. ఆ లైటును పట్టించుకోవడానికి మరో కారణమూ ఉంది: ఇంజన్‌లో కాలకుండా మిగిలిపోయిన పెట్రోలు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని మాడ్చేస్తుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉన్న ఆ భాగం ధర సెన్సర్ ధరకు ఎన్నో రెట్లు. మా ఊళ్లో స్కానర్ ఎక్కడుందన్న ప్రశ్న సబబే, కానీ హనుమకొండ దాకా వెళ్లక తప్పని పరిస్థితి ఇప్పుడు లేదు. ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్న పరికరం కొద్ది ఖర్చుతో దొరుకుతుంది. సెన్సర్ ఆర్డర్ చేసే ముందు ఆ గ్రాఫ్ ఫొటో పంపమని అడిగితే, ఇక్కడున్న కొడుకో కూతురో కూడా చూసి చెప్పగలరు.