తీగకు కట్టిన విమానము

మా పాఠశాలలోని విద్యార్థి సైన్యపు వాయువిభాగమున మేమారుగురము చేరి రెండు సంవత్సరములైనది. నలుగురు బాలురు, ఇద్దరు బాలికలు. కవాతును గూర్చియు శిబిరములను గూర్చియు ఈ పత్రికలో పూర్వము వ్రాసినవారు పెక్కురు గలరు గనుక, మేము వానిని విడిచి, మా సాయంకాలములనన్నిటిని ఆక్రమించిన బాల్సా విమానమును గూర్చియే వ్రాయనెంచితిమి. ఇది ఆకాశమున స్వేచ్ఛగా తిరుగు విమానము కాదు. రెండు సన్నని ఉక్కుతీగలతో నేలమీది మనుష్యుని చేతికి కట్టుబడి, వానిచుట్టును గానుగెద్దువలె తిరుగునట్టిది. డ్రోనులు వచ్చిన ఈ కాలమున తీగ యెందుకని మమ్మడుగనివారు లేరు. ఆ ప్రశ్నకు సమాధానము పిడి చేతబట్టినవానికే బాగుగా తెలియును. అయినను చెప్పుటకు ప్రయత్నించెదము.

ఈ పద్ధతిని లోకమున వ్యాపింపజేసినవాడు అమెరికాలో ఆరిగన్ రాష్ట్రమునందలి పోర్ట్‌లాండు నగరవాసియగు జిమ్ వాకర్. ఆయన తన పద్ధతికి "యూ-కంట్రోల్" అని పేరిడి పేటెంటు పొంది, "ఫైర్‌బాల్" అను విమానమును బాలురకు విక్రయించెను. కాని అదే రాష్ట్రమున ఓబా సెయింట్ క్లేర్ అనునాతడు 1936లోనే తీగలతో విమానమును ఎగురవేసియుండెను. వాకరు మరియొక తయారీదారుమీద తెచ్చిన దావాలో ఈ సంగతి బయటపడి, 1955లో వాకరు హక్కే కొట్టివేయబడెను. దావా వేసినవాడే ఉన్న హక్కును పోగొట్టుకొనుట చదువుకొను మాకు వినోదముగా నున్నది గాని, ఆయనకు అట్లుండియుండదు.

ఇక బాల్సా. ఈ కొయ్యను మొదటిసారి చేతబట్టినప్పుడు మాలో ప్రతివాడును ఒకసారి పైకెత్తి, నమ్మక, మరల నెత్తిచూచినవాడే. మూడంగుళముల వెడల్పు, మూడడుగుల పొడవుగల పలుచని పలక ఒకటి అరచేతిలో నున్నట్లే తోచదు. దక్షిణ మెక్సికో మొదలుకొని బ్రెజిలువరకు ఈ వృక్షము పెరుగును; ఈక్వడార్ దేశమునుండి విశేషముగా ఎగుమతియగును. ఇది ఆరు మొదలు పది సంవత్సరములలోపల నరుకుటకు వచ్చును. అంత శీఘ్రముగా పెరుగుటచేత దీని కణములు పెద్దవియై, గోడలు పలుచనివియై, నీటితో నిండియుండును. పచ్చికొయ్య మిక్కిలి బరువు. కొలిమిగదులలో ఆరబెట్టినపిదప నీరుపోయి గాలి మిగులును. సాధారణముగా ఘనమీటరు 160 కిలోల బరువుండును. నీరైనచో వెయ్యి కిలోలు. మా జీవశాస్త్ర ఉపాధ్యాయినిగారు చెప్పువరకు మేమెరుగని విషయమొకటి గలదు: ఇది మన బూరుగునకును ప్రత్తికిని కుటుంబబంధువు. దీని కాయలోను దూదియే యుండును.

స్పానిష్ భాషలో బాల్సా యనగా తెప్ప. 1947లో థార్ హెయర్‌డాల్ తొమ్మిది బాల్సా దుంగలతో కట్టిన "కాన్-టికి" యను తెప్పమీద పెరూ దేశమునుండి బయలుదేరి 101 దినములకు పసిఫిక్ మహాసముద్రములోని పగడపుదీవిని చేరెను. రెండవ ప్రపంచయుద్ధమున "మస్కిటో" అను ఆంగ్లేయ విమానపు దేహము పలుచని బర్చి ప్లైవుడ్డు పొరల నడుమ బాల్సా నుంచి చేయబడినది. ఇప్పుడు గాలిమరల రెక్కల గర్భములలోను దీనిని వాడుచున్నారు. 2020 ప్రాంతమున ఆ గిరాకివలననే ఈక్వడారులో దీని వెల మిక్కిలి పెరిగెను. ఎక్కడనో గాలిమర నిలిపినచో మా పలక వెల పెరుగుట న్యాయమా యని మాలో నొకడు వాపోయెను గాని, వానికి సమాధానము చెప్పినవారు లేరు. పాఠశాలవారు మాకిచ్చినది ఒకే కట్ట. అందువలన ప్రతి పలకమీదను ముందు పెన్సిలుతో గీతలు గీచి, ఇరుగుపొరుగు పక్కటెముకలను తలక్రిందులుగా నమర్చి, చీరెలో రవికగుడ్డ మిగుల్చు దర్జీవలె కోసితిమి.

రెక్కకు పదునాలుగు పక్కటెముకలు. వానిని కూర్చు దూలమొకటి, ముందంచు, వెనుకంచు. కొత్త బ్లేడుతో కోయవలెను; మొద్దుబ్లేడు కొయ్యను కోయక నలిపివేయును. జిగురు ఎక్కువైనచో బరువు, తక్కువైనచో విరుగు. పైన పలుచని కాగితమంటించి, నీరు చిలికి ఆరనిచ్చి, పిదప డోపు అను ద్రావకము పూసినచో కాగితము బిగిసి డోలువలె మ్రోగును. రెండు ప్రక్కలను సమముగా పూయనిచో రెక్క మెలితిరుగును. ఈ పనియంతయు అక్కరలేని తొందర గలవానికి గొప్ప శిక్ష. విమానచోదకుని బొమ్మకు మాత్రము బాల్సా వ్యయపరుపక, కొండపల్లి బొమ్మలు చేయు తెల్లపొణికి ముక్క నొకదానిని సంపాదించి చెక్కితిమి. తలపాగాతో కూడిన ఆ చోదకుడు విమానముకంటె ఎక్కువ ప్రశంసల నందుకొనుట మాకు కొంచెము కష్టముగనే యుండెను.

విమానపు కడుపులో "బెల్‌క్రాంక్" అను చిన్న త్రిభుజపు పలక నడుమ చీలమీద తిరుగుచుండును. చేతిపిడినుండి వచ్చు రెండు తీగలును దాని రెండు కొనలకు తగిలించబడును. మూడవ కొననుండి ఒక కమ్మి తోకరెక్కకు పోవును. పిడిని వెనుకకు వాల్చినచో పైతీగ లాగబడి తోకరెక్క పైకెత్తి విమానము లేచును. ముందునకు వాల్చినచో దిగును. ఇంతే యంత్రము. అయితే ఇదంతయు తీగలు బిగువుగా నున్నంతవరకే. తీగ సడలెనా, పిడి చేతనుండియు లేనట్లే. అందుచేత ఇంజనును ఇంచుక వెలుపలివైపునకు త్రిప్పి బిగించి, వెలుపలి రెక్క కొనలో చిన్న సీసపుబిళ్ల నుంచితిమి.

మా ఇంజను రెండున్నర ఘనసెంటీమీటర్లది. దానిని మాకంటె ముందటివారు పాఠశాలకు విడిచిపోయిరి. 1947లో రే ఆర్డెన్ అను అమెరికా దేశస్థుడు ప్రచారమునకు తెచ్చిన గ్లోప్లగ్గు దీనికి గలదు. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో దానిలోని ప్లాటినపు తీగను ఎఱ్ఱగా కాల్చి ఇంజనును నడిపించినచో, తరువాత బ్యాటరీ తీసివేసినను మిథనాలు ఆవిరి తగులుటవలన ఆ తీగ కాలుచునే యుండును. ఇంధనము నాలుగుపాళ్లు మిథనాలు, ఒకపాలు ఆముదము. మిథనాలు విషము, కన్నులు పోగొట్టును, దాని మంట పగటివేళ కంటికగపడదు. కనుక మా మాస్టారు దానిని బీరువాలోపెట్టి తాళపుచెవి తన జేబులోనే యుంచుకొనుచుండిరి.

ఆముదమును గూర్చి మాత్రము మాకు గర్వము గలదు. విమానవిద్యలో తెలుగునేలకు పరిచితమైన వస్తువు ఇదియొకటి. మొదటి ప్రపంచయుద్ధకాలపు రోటరీ ఇంజనులకును ఆముదమే కందెన. దాని ఆవిరి పీల్చిన చోదకులకు కడుపు జారుచుండెడిదని చదివినప్పుడు, చంటితనమున గరిటెతో ఆముదము త్రాగించబడిన మేమందరము వారియెడల సానుభూతి వహించితిమి. మాలో నొకని నాయనమ్మగారు ఇంట వండిన ఆముదమును సీసాతో పంపిరి. మాస్టారు దానిని కన్నులకద్దుకొని ప్రక్కనుంచిరి. గింజలు వేచి, దంచి, నీటిలో కాచి తీసిన వంటాముదములో తేమయు జిగటయు మిగులును. ఇంజనునకు గానుగలో తీసి వడపోసినదే కావలెను. పంపిన సీసా మాలోని ఒక బాలిక జడకు ఉపయోగపడినది.

తీగల పొడవు సుమారు 16 మీటర్లు. ఒక చుట్టు తిరిగినచో నూరు మీటర్లగును. ప్రపంచపు పోటీలలో జట్టుపందెమునకు ఈ కొలతయే. నూరు చుట్లు తిరిగినచో పది కిలోమీటర్లు. మరియొక పోటీలో రెండు విమానములు ఒకే వలయమున తిరుగుచు ఒకదాని కాగితపుతోకను మరియొకటి కోయును. సంక్రాంతికి హైదరాబాదు మేడలమీద గాలిపటములతో జరుగునది అదియే గదా! మా విమానము చుట్టునకు ఐదు సెకనుల చొప్పున తిరుగును, అనగా గంటకు 72 కిలోమీటర్లు. దాని బరువు 650 గ్రాములు. గణితోపాధ్యాయులు మాచేత లెక్క కట్టించిరి: చేతిమీద పడు లాగు బరువునకు రెండున్నర రెట్లు, కిలోన్నరకు పైచిలుకు. అయినను ప్రతిదినమును ఎగురవేయుటకుముందు స్ప్రింగుత్రాసు తగిలించి ఆరున్నర కిలోలు లాగిచూడనిదే మాస్టారు అనుమతించెడివారు కారు. డ్రోను నడుపువానికి ఈ లాగు తెలియదు. గాలి మారినను, ఇంజను నీరసించినను, విమానము పైకెక్కుటకు ప్రయాసపడినను చూపుడువ్రేలికి ముందు తెలియును, కంటికి తరువాత తెలియును. మొదట అడిగిన ప్రశ్నకు మాకు తోచిన సమాధానమిది.

పాఠశాల వార్షికోత్సవమున మా విమానమును క్రీడాస్థలములో ఎగురవేయవలెనని అందరును కోరిరి. మాలో నొకని తండ్రిగారు విద్యుచ్ఛాఖలో లైనుమాను. ఆయన వచ్చి, మా పిడినుండి వలయపు అంచువరకు అడుగులతో కొలిచి, ప్రహరీ నానుకొని పోవు కరెంటుతీగలవైపు చూచి, "బాబూ, ఇక్కడ వద్దు. ఉక్కుతీగ పట్టుకొని ఆ లైను ప్రక్కన నిలబడుట నేను చూడలేను. అది తగులనక్కరలేదు, దగ్గరకు పోయిననే చాలును" అనెను. ఆహ్వానపత్రికలు అప్పటికే అచ్చయినవి. ప్రధానోపాధ్యాయులు క్షణమైన ఆలోచింపక, కార్యక్రమములోని ఆ పంక్తిని సిరాతో కొట్టివేయించిరి. మరునాడు ఆ లైనుమానుగారే మమ్ము వెంటబెట్టుకొనిపోయి, ఊరికి రెండు కిలోమీటర్ల దూరమున నెండిపోయిన చెరువును చూపిరి. నలువైపులను స్తంభమన్నది లేదు.

ప్రదర్శనకు నాలుగు దినములముందు, అపరాహ్ణమున, ఆ చెరువులో సుడిగాలి యొకటి లేచెను. దుమ్ము మావైపు నడచివచ్చుట కంటబడులోపలనే విమానము లోపలికి త్రోయబడి, తీగలు సడలి, రెండవ క్షణమున ఎండుబురద మీద పడెను. లోపలి రెక్క మూడవ పక్కటెముకకడ విరిగెను. పంకా ముక్కలయ్యెను. పొణికి చోదకుడు తలపాగాతో సహా క్షేమము. ఇంజనును విప్పి కడిగి చూడగా ఇరుసు నిటారుగనే యున్నది.

ఆ రాత్రి మాలో పెద్ద వాదము పుట్టెను. మిగిలిన పంకా యొక్కటి, బాల్సా పలకలు రెండున్నర. మరల పడినచో ఇంజను మిగులునన్న నమ్మకము లేదు. పాఠశాలకు వేరొకటి కొనుటకు ధనమును లేదు. మేము మార్చిలో వెడలిపోవువారము. విమానమును బాగుచేసి గ్రంథాలయములో వ్రేలాడదీసినచో ఇంజను భద్రముగా నుండునని ముగ్గురు. ఎగురని విమానమునకు ఇంజనెందుకని ముగ్గురు. మాస్టారిని తీర్పు చెప్పుమంటిమి. "విమానము మీది. ఇంజను మీ వెనుక వచ్చువారిది. వారి నడిగితిరా?" అని మాత్రమనిరి.

మరునాడు ఎనిమిదవ తరగతిలోని వాయువిభాగపు పిల్లలను పిలిచి సంగతియంతయు చెప్పితిమి. వారు చాలసేపు ఒకరినొకరు చూచుకొనిరి. తుదకు అందరికంటె పొట్టివాడు, "అన్నా, ఎగురుట ఒక్కసారియైన చూడకపోతే, మేము కట్టినది సరిగా ఉన్నదో లేదో మాకెట్లు తెలియును?" అనెను. వాదము ముగిసెను. ఆ మూడు సాయంకాలములును ఆ పిల్లలనే ప్రక్కన కూర్చుండబెట్టుకొని, విరిగిన దూలమును ఏటవాలుగా కోసి అతికి, ఇరువైపుల పట్టీలు వేసి, పక్కటెముకలు మూడును కొత్తవి పెట్టి, కాగితమంటించితిమి. డోపు పూసినది వారే. మాకంటె పలుచగా పూసిరి.

గాలి లేవకముందే ముగింపవలెనని ప్రదర్శన తెల్లవారి ఆరుగంటలకు పెట్టితిమి. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, మిషను ఆసుపత్రి నర్సులు కొందరు ఆ చీకటిలోనే నడచివచ్చిరి. లైనుమానుగారు సున్నముతో వలయము గీచి, దాని వెలుపల త్రాడు కట్టి, ఎవరిని దాటనీయలేదు. పిడి పట్టినది మాలో అందరికంటె తక్కువ మాటలాడు బాలిక. బాగుగా కట్టువారే బాగుగా ఎగురవేయుదురను నియమము లేదు. ఆమె బ్లేడు పట్టినచో మాకు భయము, పిడి పట్టినచో లేదు. తిరుగునప్పుడు విమానమునే చూడవలెను; వెనుక పరుగిడు చెట్లను చూచినచో కన్నుతిరుగును.

ఇంజను మూడవ త్రిప్పునకు అందుకొనెను. ముప్పదియేడు చుట్లు లెక్కపెట్టితిమి. ఇరువదవ చుట్టున ఆమె ఒక్కసారి పల్టీ కొట్టించెను. అందులో ముందుగా మాతో చెప్పినది లేదు. ఇంధనమైపోయి ఇంజను నిలిచినపిదప విమానము ముప్పాతిక చుట్టు నిశ్శబ్దముగా జారి, దుమ్ములో రెండుసార్లెగిరి నిలిచెను. చెరువంతయు ఆముదపు వాసన. నాయనమ్మగారు త్రాడు దగ్గర నిలిచి, "దీపాల పండుగ వాసన వచ్చుచున్నదే" అనిరి. తన సీసాలోనిదే పోసితిమని ఆమె నమ్మకము, మేము కాదనలేదు.

ఎనిమిదవ తరగతివారికి మేమప్పగించినవి: ఇంజను ఒకటి, పిడి ఒకటి, విమానము ఒకటి, పంకా ఒకటి, బాల్సా పలక ఒకటి, కొంచెము డోపు. పంకా మాత్రము ఇంకొకటి కొనవలెను. తీగలను చమురుగుడ్డతో తుడిచి చక్రమునకు చుట్టియుంచితిమి. జూనులో బడి తెరచినపిదప వానిని విప్పి, మెలికలు చూచి, ఆరున్నర కిలోలు లాగి, అప్పుడే తగిలింపవలెను.